నేటి హైదరాబాద్‌లో డీ అండ్ డీ ఆడుతున్నాం, పిస్టల్ చూపిస్తే ఒక్కరూ భయపడట్లేదు

కోఠి_డీఎం

మేం ఐదుగురం రెండేళ్లుగా ఆదివారాలు డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నాం. ఒకరు (డంజియన్ మాస్టర్, డీఎం) కథ నడుపుతారు, మిగతావాళ్లు పాచికలు వేస్తూ అందులో పాత్రలుగా ఆడతారు. 2014 నాటి ఐదో ఎడిషన్. కోటలూ గుహలూ చాలనిపించి, ఈసారి మన హైదరాబాద్‌లోనే, ఈ రోజుల్లోనే కథ మొదలుపెట్టాం. మంత్రాలు ఉంటాయి, కానీ ఊరి జనానికి ఆ సంగతి తెలియదు. మూడు సెషన్లు అయ్యాయి, మూడూ చప్పగా పోయాయి.

మొన్నటి సంగతి. మొజంజాహీ మార్కెట్ వెనక ఒక గోడౌన్. దొంగనోట్ల ముఠా వాడు మా ఫైటర్ (యోధుడి పాత్ర) కణతకి పిస్టల్ ఆనించాడు. నేను గొంతు తగ్గించి, గదిలో ట్యూబ్‌లైట్ కూడా ఆపేసి ఆ సీన్ చెప్పాను. ప్లేయర్ షీట్ వంక చూసుకుని, "నాకు 28 హెచ్‌పీ ఉంది, కాల్చుకోమను" అన్నాడు. వాడి తప్పేం లేదు, లెక్క అదే. హెచ్‌పీ అంటే ప్రాణబలం పాయింట్లు, అవి సున్నా అయితేనే పడిపోతాడు. డంజియన్ మాస్టర్స్ గైడ్‌లో ఆటోమేటిక్ పిస్టల్‌కి 2డీ6, అంటే ఆరు ముఖాల పాచికలు రెండు. ముఠా వాడి డెక్స్ (చురుకుదనం) బోనస్ ప్లస్ 1 కలిపితే సగటున 8. మూడో లెవెల్ ఫైటర్‌కి నాలుగు బుల్లెట్లు తగిలితే గానీ పడిపోడు.

ఇంకో తలనొప్పి ఫోన్లు. కనిపించకుండా పోయిన ప్రొఫెసర్‌ని వెతకడం రెండు సెషన్లకి సరిపోతుందనుకున్నా. "ఆయన లొకేషన్ ఇంట్లో వాళ్లకి షేర్ చేసి ఉంటాడు కదా, వాళ్లావిడకి ఫోన్ చేస్తా" అన్నారు. పది నిమిషాల్లో అయిపోయింది. కాదనడానికి నా దగ్గర కారణం లేదు.

ఈ రూల్స్‌ని ఈ కాలానికి ఎవరైనా సరిగ్గా మార్చుకున్నారా? గైడ్‌లో తుపాకుల పట్టిక తప్ప నాకేమీ దొరకలేదు.

రోల్_కొట్టు

పిస్టల్‌కి 6డీ6 పెట్టెయ్ అన్నా. అందరూ చేతులెత్తేస్తారు.

బెజవాడ_బార్డ్

ఆ పని మాత్రం చేయకండి. మేం 4డీ6 పెట్టి చూశాం. మొదటి సెషన్, బెంజ్ సర్కిల్ దగ్గర ఎదురుకాల్పులు, మొదటి రౌండ్‌లోనే ఇద్దరు పోయారు. అందులో ఒకమ్మాయి తన క్యారెక్టర్ కోసం నాలుగు పేజీల కథ రాసుకుని వచ్చింది. అమ్మమ్మ ఇచ్చిన తాయెత్తు ఎలా ఉంటుందో బొమ్మ కూడా గీసుకుంది. అరగంటలో ఆ కాగితాలు మడిచి బ్యాగులో పెట్టుకుంది. మళ్ళీ టేబుల్‌కి రావడానికి రెండు నెలలు పట్టింది. పాచికల వల్ల ప్రాణం పోతే ఎవరూ బాధపడరు, ఆడే అవకాశమే రాకుండా పోతే బాధపడతారు.

డల్లాస్_బాబాయి

ఇది పాత ప్రశ్నే బాబూ, దీనికి ఒకసారి అధికారికంగానే జవాబు వచ్చింది. మూడో ఎడిషన్ నడుస్తున్న రోజుల్లో, 2002లో, డీ అండ్ డీ ప్రచురించే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వాళ్లే డీ20 మోడర్న్ అని పుస్తకం తెచ్చారు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. నలుగురం తెలుగువాళ్లం, ఒక అపార్ట్‌మెంట్, శుక్రవారం రాత్రి మొదలుపెడితే శనివారం ఉప్మా తిని ఆపేవాళ్లం.

అందులో ఫైటర్, విజార్డ్ లాంటి క్లాసులు (పాత్రల రకాలు) తీసేశారు. ఆరు ఎబిలిటీలకి (బలం, చురుకుదనం లాంటి గుణాలు) ఆరు క్లాసులు: స్ట్రాంగ్, ఫాస్ట్, టఫ్, స్మార్ట్, డెడికేటెడ్, కరిస్మాటిక్. నిజ జీవితంలో ఎవరూ "నేను పాలడిన్‌ని" అని చెప్పుకోరు కదా, ఆ లెక్కన అది బాగుండేది. మంత్రాలు తెలిసినవాడు కావాలంటే ముందు ఈ మామూలు క్లాసుల్లో కొన్ని లెవెల్స్ గడిపి రావాలి. పైగా మంత్రాలు అయిదో లెవెల్ దగ్గరే ఆగిపోతాయి. ఊరిని తలకిందులు చేసే స్పెల్స్ అసలు ఆటలోకి రావు. ఇది ఇప్పటికీ వాడుకోదగ్గ పద్ధతి.

ఇక నీ పిస్టల్ సంగతి. ఆ రోజుల్లో మామూలు డీ అండ్ డీలో ఒక్క దెబ్బకి 50 డామేజీ తగిలితే చచ్చిపోతావేమోనని సేవ్ (గండం తప్పించుకోవడానికి వేసే పాచిక) వేయించేవారు. మోడర్న్‌లో ఆ 50ని తీసేసి నీ కాన్‌స్టిట్యూషన్ (కాన్, ఒంటి దమ్ము) స్కోర్ పెట్టారు. ఒక్క దెబ్బ దాన్ని దాటితే డీసీ 15 (కనీసం 15 రావాలి) ఫోర్టిట్యూడ్ సేవ్. ఫెయిలైతే హెచ్‌పీ నేరుగా మైనస్ 1. నీకు 80 హెచ్‌పీ ఉన్నా సరే, ఒక్క తూటాకి కింద పడే అవకాశం ఎప్పుడూ ఉండేది.

లెక్కల_మాస్టారు

బాబాయి గారు చెప్పిన రూల్‌ని కోఠి గారి గోడౌన్‌లో వేసి చూశాను. ఫైటర్ కాన్ 14 అనుకుందాం (28 హెచ్‌పీ అంటే అదే అయ్యుండాలి). పిస్టల్ 2డీ6 ప్లస్ 1, ఎంత గట్టిగా పడినా 13. క్రిటికల్ (20 ముఖాల పాచిక మీద 20) పడితే తప్ప 14 దాటదు. రివాల్వర్ అయితే గైడ్‌లో 2డీ8, ప్లస్ 1. 14 దాటాలంటే పాచికల మీదే కనీసం 14 రావాలి. 64 కాంబినేషన్లలో ఆరు, అంటే వందకి తొమ్మిది సార్లు.

గైడ్‌లోనే మాసివ్ డామేజ్ అని ఐచ్ఛిక రూల్ ఒకటి ఉంది: ఒక్క దెబ్బకి మొత్తం హెచ్‌పీలో సగం పోతే డీసీ 15 కాన్ సేవ్. 28లో సగం 14. పిస్టల్ అక్కడికీ అందదు. కాబట్టి కణత మీద పెట్టిన పిస్టల్ సమస్య ఈ రెండింటితోనూ తీరదు.

కోఠి_డీఎం

మాస్టారూ, కాన్ 14 అని ఎలా కనిపెట్టారు?

లెక్కల_మాస్టారు

మొదటి లెవెల్‌కి 10 ప్లస్ 2 (ఈ 2 కాన్ 14 వల్ల వచ్చే బోనస్), తర్వాత రెండు లెవెల్స్‌కి 6 ప్లస్ 2 చొప్పున. 12, 20, 28.

వైజాగ్_రోగ్

నేను మొదటి నుంచీ చెప్పేది ఒకటే. డీ అండ్ డీ గుండెకాయే లెవెల్స్, హెచ్‌పీ. లెవెల్ పెరిగే కొద్దీ మనిషి ఏనుగు తొక్కినా బతుకుతాడు. పది అడుగులకి 1డీ6 చొప్పున పడిపోతే వచ్చే డామేజీ చూడండి, నాలుగో అంతస్తు నుంచి దూకి దులుపుకుని నడిచిపోతాడు. దానికి బ్యాండేజీలు కట్టే బదులు వేరే ఆట ఆడండి. కాల్ ఆఫ్ క్తులూ 1981 నుంచీ ఉంది. శాతాల్లో స్కిల్స్, ఎన్ని సెషన్లు ఆడినా హెచ్‌పీ పెరగదు, తుపాకీ చూస్తే నిజంగా భయమేస్తుంది. గర్ప్స్ ఉంది, సావేజ్ వరల్డ్స్ ఉంది.

బెజవాడ_బార్డ్

@వైజాగ్_రోగ్ మీరు చెప్పింది న్యాయమే, కానీ మా టేబుల్‌లో ఇద్దరికి అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం) అంటే ఏంటో అర్థమవడానికే ఆరు నెలలు పట్టింది. కొత్త పుస్తకం కొనండి, 300 పేజీలు చదవండి అంటే వచ్చే ఆదివారం క్రికెట్‌కి పోతారు.

వైజాగ్_రోగ్

అయితే 2022లో వచ్చిన ఎవ్రీడే హీరోస్ చూడండి. ఐదో ఎడిషన్ ఇంజిన్ మీదే ఈ కాలం కథల కోసం కట్టారు. చదవాల్సింది చాలా తగ్గుతుంది. ఏదైనా సరే, తుపాకీ దెబ్బకీ కత్తి దెబ్బకీ తేడా లేని ఆటలో థ్రిల్లర్ నడపడం కుదరదనేది నా మాట. దాని మీద నేను తగ్గను.

శ్రావణి_డీఎం

నేను వరంగల్‌లో ఏడాదిన్నరగా ఇదే చేస్తున్నాను, ఐదో ఎడిషన్‌తోనే. రోగ్ గారితో ఒప్పుకోను, ఎందుకో చెప్తాను.

మనందరం తుపాకుల దగ్గరే ఆగిపోయాం. ఈ పుస్తకాలు అమెరికాలో రాసినవి, అక్కడ ఈ కాలం కథ అంటే ముందు తుపాకులే గుర్తొస్తాయి. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తుపాకీ పెట్టుకోవడమే నేరం. బందోబస్తులో ఉన్న కానిస్టేబుల్స్‌లో చాలామంది చేతిలో లాఠీయే కనిపిస్తుంది. ఎన్నికలొస్తే లైసెన్సు ఉన్నవాళ్లని కూడా స్టేషన్లో జమ చేయమంటారు. మా కథలో మొదటి తుపాకీ ఏడో సెషన్లో పేలింది. పేలిన తర్వాత మూడు సెషన్లు ఆ ఒక్క తూటా చుట్టూనే నడిచాయి. ఎవరు విన్నారు, ఖాళీ తూటా ఎక్కడ పడింది, ఆ తుపాకీ ఎవరిది అని.

నేను మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద రాసుకున్నాను: డీ అండ్ డీ లోకంలో కష్టమైనవి ఏంటి? దూరం, చీకటి, కబురు అందడం, గాయం మానడం. ఈ నాలుగింటి కోసమే సగం స్పెల్స్ పుట్టాయి. మన లోకంలో ఈ నాలుగూ చవక. ఫోన్ ఉంది, టార్చి ఉంది, బస్సుంది, 108 ఉంది. మరి మనకి కష్టమైనవేంటి? ఎవరికంటా పడకుండా ఉండటం. పోలీసులకి జవాబు చెప్పడం. సెలవు దొరకడం. అమ్మకి అబద్ధం చెప్పడం. రూల్స్ అక్కడ పెడితే ఆట దానంతటదే బిగుస్తుంది.

ఒక ఉదాహరణ. మా టేబుల్‌లో రోగ్ (దొంగ) పాత్రకి భుజంలో తూటా దిగింది. హాస్పిటల్‌కి తీసుకెళ్తే మెడికో లీగల్ కేసు రాస్తారు, పోలీసులకి కబురు వెళ్తుంది. అప్పుడు మా క్లెరిక్ (పూజారి పాత్ర) దగ్గర మిగిలున్నది ఒకే ఒక్క మొదటి లెవెల్ స్లాట్, అంటే ఒక్క చిన్న మంత్రానికి సరిపడా శక్తి. గాయం మాన్పే క్యూర్ వూండ్స్ అంటే ఎప్పుడూ షీట్ మీద ఒక గీత కొట్టేసేవాళ్లు. ఆ రాత్రి కాజీపేట స్టేషన్ బయట, ఆగి ఉన్న ఆటోలో, డ్రైవర్ టీకి వెళ్లిన నాలుగు నిమిషాల్లో ఆ స్పెల్ వేశారు. టేబుల్ దగ్గర ఎవరూ మాట్లాడలేదు. రూల్ ఒక్క అక్షరం మార్చలేదు నేను.

కోఠి గారి ఫోన్ సమస్య కూడా ఇదే. ఫోన్ లాక్కోవద్దు, ప్రతి సెషన్‌కీ సిగ్నల్ లేదనొద్దు. వాడనివ్వండి. కానీ ప్రతి కాల్‌కీ రికార్డు ఉంటుంది, ఏ టవర్ కింద ఉన్నారో తెలుస్తుంది. ప్రొఫెసర్ భార్యకి ఫోన్ చేసిన చివరి నంబర్ మీ ప్లేయర్‌దే అవుతుంది. దూరంగా ఉన్నవాళ్లకి కబురు పంపే సెండింగ్ స్పెల్ ఇప్పుడు చూడండి. పాతిక మాటలే, మూడో లెవెల్ స్లాట్ పోతుంది, అయినా ఏ టవర్‌కీ తెలియదు. మా వాళ్లు దానికోసం కొట్టుకుంటారు.

రోల్_కొట్టు

ఆటో డ్రైవర్ మీటర్ వేసే ఉంచాడా

శ్రావణి_డీఎం

@రోల్_కొట్టు వెయిటింగ్ ఛార్జీ కూడా తీసుకున్నాడు :)

కోఠి_డీఎం

శ్రావణి గారూ, ఇది రెండుసార్లు చదివాను. నేను వాళ్ల పనులు సులువవ్వకుండా చూసుకుంటున్నాను, ఆ పనులకి జాడ మిగులుతుందని ఆలోచించలేదు. కానీ కణత మీద పిస్టల్ మాత్రం అలాగే ఉంది కదా. వాడు కాల్చాడే అనుకోండి, అప్పుడు?

శ్రావణి_డీఎం

హెచ్‌పీ అంటే ఒంట్లో మాంసం ఒక్కటే కాదు. తప్పించుకోవడం, అదృష్టం, దమ్ము అన్నీ కలిపిన లెక్క. పుస్తకంలో కూడా ఒంటి దమ్ము, మనసు దమ్ము, బతకాలన్న తపన, అదృష్టం కలిపే చెప్పారు. కణతకి ఆనించిన తుపాకీని తప్పించుకోలేరు కాబట్టి అక్కడ హెచ్‌పీ అడ్డం రాదు. మా హౌస్ రూల్: కదల్లేని స్థితిలో దొరికిపోయిన మనిషిని కాలిస్తే హెచ్‌పీ నేరుగా 0, డెత్ సేవ్స్ (బతుకుతారో లేదో తేల్చే పాచికలు) మొదలు. దూరం నుంచి కాలిస్తే మామూలు డామేజీ. ఈ రూల్‌ని మొదటి రోజే చెప్పండి. సీన్ మధ్యలో చెప్తే మోసంలా ఉంటుంది. శత్రువులకీ ఇదే వర్తిస్తుంది, అదీ చెప్పండి.

వైజాగ్_రోగ్

ఈ రూల్ బాగుంది. వేరే ఆటకి వెళ్లాలన్న నా మాట నాదే, కానీ ఇది బాగుంది.

లా_పాయింట్

వృత్తిరీత్యా కోర్టులో ఉంటాను కాబట్టి ఒక ముక్క. చాలామంది అబద్ధం చెప్పనివ్వని జోన్ ఆఫ్ ట్రూత్ స్పెల్ వేసి నేరస్తుడితో నిజం చెప్పించి కేసు ముగిస్తారు. నేటి కథలో అది నిలవదు. సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో, మనిషి ఒప్పుకోకుండా నార్కో, పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ చేయకూడదని చెప్పింది. తనకి వ్యతిరేకంగా తననే సాక్షిగా ఉండమని బలవంతం చేయకూడదనే రాజ్యాంగంలోని 20(3) అధికరణం దానికి ఆధారం. మంత్రంతో చెప్పించిన మాటకీ అదే తర్కం వర్తిస్తుంది.

కానీ అదే తీర్పులో ఒక దారి ఉంది. మనిషి ఇష్టపడి పరీక్షకి ఒప్పుకుంటే, ఆ సాయంతో తర్వాత దొరికిన వస్తువుని సాక్ష్యంగా తీసుకోవచ్చు. అంటే మీ ప్లేయర్లు మాటతో ఆగకూడదు, వెళ్లి వస్తువు వెతకాలి. ఆ వెతకడమే మీకు ఇంకో సెషన్. స్పీక్ విత్ డెడ్‌కి కూడా ఇలాగే నడపొచ్చు. శవం అయిదు ప్రశ్నలకి జవాబిస్తుంది, ఏ జడ్జి ముందూ అది పనికిరాదు, కానీ ఎక్కడ తవ్వాలో తెలుస్తుంది.

హనుమకొండ_హాఫ్‌లింగ్

వేషం మార్చే డిస్‌గైజ్ సెల్ఫ్ స్పెల్ సీసీ కెమెరాలో పడుతుందా? మా టేబుల్‌లో దీని మీద గంట గొడవ.

లెక్కల_మాస్టారు

రూల్‌లో కెమెరా ఊసే లేదు, డీఎం తేల్చాల్సిందే. మేం తీసుకున్నది: అది కంటికి కనిపించే భ్రమ, కాబట్టి కెమెరాకీ కనిపిస్తుంది. కానీ చేత్తో తడిమితే నిలవదని స్పెల్‌లోనే ఉంది. అందుకని బయోమెట్రిక్ మెషీన్ మీద వేలు పెడితే మీ సొంత వేలిముద్రే పడుతుంది. మా వార్‌లాక్ (మాంత్రికుడి పాత్ర) మేనేజర్ వేషంలో ఆఫీసులోకి దర్జాగా వెళ్లి, అలవాటు కొద్దీ హాజరు వేసేశాడు. సాయంత్రానికి హెచ్ఆర్ నుంచి మెయిల్.

బెజవాడ_బార్డ్

😂😂 ఇది నేను వాడుకుంటాను మాస్టారూ.

డల్లాస్_బాబాయి

ఛేజుల గురించి ఎవరూ అనలేదు. గీతలేసిన కాగితం మీద బండ్లు నడపకండి. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు ఆరు సెకన్ల రౌండ్‌లో 100 మీటర్లు పోతుంది. గడికి అయిదు అడుగుల లెక్కన మీ మ్యాప్ మీద అది 65 గళ్లు. మనిషి డాష్ చేసినా (పరుగెత్తినా) 12 గళ్లే. టేబుల్ చాలదు.

ఐదో ఎడిషన్ గైడ్‌లో ఛేజ్ రూల్స్ ఉన్నాయి, అవి తీసుకోండి. మూడు ప్లస్ కాన్ మాడిఫయర్ (కాన్ బోనస్) సార్లు ఊరికే డాష్ చేయొచ్చు, ఆ తర్వాత ప్రతిసారీ డీసీ 10 కాన్ చెక్, ఫెయిలైతే ఆయాసం ఒక మెట్టు. ప్రతి టర్న్ చివర డీ20 వేసి అడ్డంకి ఏదైనా వచ్చిందేమో చూస్తారు. ఆ అడ్డంకుల పట్టిక మాత్రం చింపేసి మీ ఊరిది రాసుకోండి.

కోఠి_డీఎం

రాసేశాను బాబాయ్. బరాత్ బ్యాండు, రివర్స్‌లో వస్తున్న వాటర్ ట్యాంకర్, బోనాల ఊరేగింపు, మెట్రో పిల్లర్ల మధ్య యూ టర్న్ మూసేసి ఉండటం, రాంగ్ రూట్‌లో బిర్యానీ డెలివరీ బండి, రోడ్డు మధ్య పడుకున్న ఆవు. ఆవుకి యానిమల్ హ్యాండ్లింగ్ డీసీ 15 పెట్టాను.

రోల్_కొట్టు

ఆవుకి 25 పెట్టు

సీలేరు

కవచాల సంగతి? మా ఫైటర్‌కి హెవీ ఆర్మర్ వాడే అవకాశమే లేదు. జీన్స్‌లో ఏసీ (దెబ్బ తగలాలంటే దాటాల్సిన అంకె) 11.

డల్లాస్_బాబాయి

మోడర్న్‌లో క్లాస్‌ని బట్టి, లెవెల్‌ని బట్టి డిఫెన్స్ పెరిగేది, బట్టలతో పనిలేదు. నువ్వు 10 ప్లస్ డెక్స్ ప్లస్ ప్రొఫిషియెన్సీ బోనస్ (లెవెల్‌తో పెరిగేది) పెట్టు. మాంక్, బార్బేరియన్ క్లాసులకి కవచం లేకుండానే కాపాడుకునే ప్రత్యేకత పోతుంది కాబట్టి వాళ్లకి ఇంకేదైనా ఇవ్వు.

శ్రావణి_డీఎం

రెస్ట్‌లు (హెచ్‌పీ, స్లాట్లు తిరిగొచ్చే విశ్రాంతి) కూడా మార్చండి. గైడ్‌లో గ్రిటీ రియలిజం అని ఉంది: షార్ట్ రెస్ట్ ఎనిమిది గంటలు, లాంగ్ రెస్ట్ ఏడు రోజులు. ఉద్యోగాలు చేసుకునే పాత్రలకి ఇది బాగా అతుకుతుంది. రాత్రి నిద్ర షార్ట్ రెస్ట్. లాంగ్ రెస్ట్ కావాలంటే వారం సెలవు పెట్టాలి. మా క్లెరిక్ గవర్నమెంట్ స్కూల్ టీచర్, దసరా సెలవుల కోసం స్లాట్లు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు.

హనుమకొండ_హాఫ్‌లింగ్

డబ్బులెలా? బంగారు నాణేలు ఎవరిస్తారు ఇక్కడ.

డల్లాస్_బాబాయి

మోడర్న్‌లో వెల్త్ బోనస్ అని ఒకటుంటుంది, కొనాలంటే డీ20 వేయాలి. మా వాళ్లకి అస్సలు నచ్చలేదు. పాచిక వేసి ల్యాప్‌టాప్ కొనడమేంటని.

లెక్కల_మాస్టారు

ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో జీవనశైలి ఖర్చులు ఉన్నాయి కదా, మోడెస్ట్, కంఫర్టబుల్, వెల్తీ. ఆ మెట్లు మాత్రం ఉంచి, మెట్టుకి తగ్గ వస్తువు అడగకుండా ఇచ్చేయండి. పై మెట్టుది కావాలంటే అప్పు చేయాలి. అప్పిచ్చినవాడే మీకు కొత్త ఎన్‌పీసీ (డీఎం ఆడించే పాత్ర).

సీలేరు

మా లిచ్ (చావు లేని మాంత్రికుడు) కథ చెప్పనా. చిన్నప్పుడు విన్న కథల్లో మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉండేది. మా కథలో మూడొందల ఏళ్ల మాంత్రికుడు తన ప్రాణమున్న డబ్బీని అబిడ్స్‌లో ఒక బ్యాంకు లాకర్లో పెట్టాడు. లాకర్ తెరవాలంటే రెండు తాళాలు కావాలి, ఒకటి కస్టమర్‌ది, ఒకటి బ్యాంకుది. రిజిస్టర్‌లో సంతకం. ఆధునికంగా కట్టిన ట్రాప్ ఒక్కటీ లేదు, అయినా మా వాళ్లకి నాలుగు సెషన్లు పట్టింది. తాళం తెరిచే నాక్ స్పెల్ వేద్దామంటే ఆ చప్పుడు 300 అడుగుల వరకూ వినిపిస్తుంది. చివరికి ఎలా గెలిచారంటే, లాకర్ అద్దె మూడేళ్లుగా కట్టలేదని కనిపెట్టి, నోటీసు వెళ్లేలా చేసి, బ్యాంకు వాళ్లతోనే తెరిపించారు. ఆ రోజు డీఎం‌గా నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

వైజాగ్_రోగ్

సీలేరు గారూ, ఇది ఏ ఆటలో ఆడినా గొప్ప కథే.

బెజవాడ_బార్డ్

మంత్రాలకి కొత్త సరుకు కావాలంటే 2015లో విజార్డ్స్ వాళ్లు అనుఎర్త్‌డ్ ఆర్కానా అనే ప్రయోగ శీర్షికలో మోడర్న్ మ్యాజిక్ అని విడుదల చేశారు. సిటీ డొమైన్ క్లెరిక్, టెక్నోమాన్సీ విజార్డ్, వార్‌లాక్‌కి ఘోస్ట్ ఇన్ ద మెషీన్. ప్రయోగ దశలో ఉన్నవే కాబట్టి చూసుకుని వాడండి. సిటీ డొమైన్ మాత్రం మా టేబుల్‌లో పండింది.

హనుమకొండ_హాఫ్‌లింగ్

ఇవన్నీ కలిపి తెలుగులో ఒక పీడీఎఫ్ చేస్తే? లైసెన్సు గొడవ వస్తుందా?

లా_పాయింట్

ఎస్ఆర్‌డీ 5.1ని (ఐదో ఎడిషన్ మూల రూల్స్ ఉన్న పత్రం) 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద పెట్టారు. అందులో ఉన్న రూల్స్ వాడి, మార్చి, అనువదించి పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. వాళ్లు చెప్పిన గుర్తింపు వాక్యం పెట్టాలి. బిహోల్డర్, మైండ్ ఫ్లేయర్ లాంటి రాక్షసుల స్టాట్ బ్లాకులు (బలాబలాల పట్టికలు) అందులో లేవు, వాటి జోలికి వెళ్లకండి. పైన చెప్పిన గైడ్‌లోని తుపాకుల పట్టిక కూడా అందులో లేదు, అంకెలు మీవి మీరే పెట్టుకోండి.

కోఠి_డీఎం

నిన్న నాలుగో సెషన్ అయింది. మొదలుపెట్టే ముందే కదల్లేని మనిషి రూల్ చెప్పాను, అందరూ సరే అన్నారు. గోడౌన్ దగ్గర ఆపిన చోటి నుంచే మొదలు. అదే పిస్టల్, అదే కణత. ట్యూబ్‌లైట్ ఆపలేదు ఈసారి.

మా ఫైటర్ షీట్ మీద చేయి పెట్టి, పెన్సిల్ కింద పెట్టేసి, "చేతులు పైకెత్తుతున్నా, నెమ్మదిగా" అన్నాడు. తర్వాత నలభై నిమిషాలు ఒక్క పాచిక పడలేదు, ముఠా వాడితో మాట్లాడుతూనే ఉన్నారు. వాడికో చెల్లెలు ఉందని అప్పటికప్పుడు నేను పుట్టించాల్సి వచ్చింది. తుపాకీ పేలలేదు. బయటికొచ్చాక ప్రొఫెసర్ భార్య నంబర్ నుంచి మిస్డ్ కాల్ ఉందని చెప్పాను, మళ్ళీ చేశారు, ఎత్తింది సీఐ.

శ్రావణి గారూ, వచ్చే వారం ఆ సీఐకి జోన్ ఆఫ్ ట్రూత్ వేస్తామంటున్నారు. ఏం చేయను?

శ్రావణి_డీఎం

వేయనివ్వండి. స్పెల్ పడిన మనిషికి తన మీద అది ఉందని తెలుస్తుంది. ఆయన నోరు మూసుకుని, వీళ్ల మొహాలు ఒక్కొక్కటిగా గుర్తుపెట్టుకుంటాడు.